పెద్ద ఫర్నేస్ అయితేనే ఇల్లు వెచ్చగా ఉంటుందా?

అమెరికాలో మినియాపొలిస్ లాంటి చలి ఊళ్లో కాపురమంటే ఇంట్లో అన్నిటికంటే ముఖ్యమైన వస్తువు ఫ్రిజ్ కాదు, టీవీ కాదు... ఫర్నేస్! గ్యాస్ మండించి, గొట్టాల గుండా వేడిగాలిని గదిగదికీ పంపే యంత్రం ఇది. బయట మైనస్ 25 డిగ్రీల సెల్సియస్ ఉన్న రాత్రి ఇది చాలాసేపు ఆగిపోతే నీళ్ల పైపులు గడ్డకట్టి పగిలిపోతాయి. అందుకే పాతది మార్చే రోజు రాగానే, భయం కొద్దీ "పెద్దదే పెట్టించండి" అనేస్తారు మనవాళ్లు. ఇండియా నుంచి ఫోన్‌లో అమ్మలూ, అత్తగార్లూ కూడా అదే మాట... "పసిపిల్లలున్న ఇల్లమ్మా, చిన్నది పెట్టకండి!"

ఈ మాట నేను ఒప్పుకోను. నలుగురికి వండడానికి పెళ్లి గుండిగ ఎక్కిస్తామా? అవసరానికి మించిన ఫర్నేస్ గబగబా మండి, థర్మోస్టాట్ ఉన్న హాలు వేడెక్కగానే ఆగిపోతుంది. మూలనున్న పిల్లల గదికి వెచ్చదనం సరిగ్గా చేరదు. కాసేపటికి మళ్లీ మొదలు. ఇలా మాటిమాటికీ ఆగుతూ మండుతూ ఉంటే చప్పుడు, గ్యాస్ దండగ, పైగా యంత్రం త్వరగా అరిగిపోతుంది. ఏ చలిరాత్రి ఆగిపోతుందోనని భయపడ్డామో, ఆ కష్టాన్ని డబ్బిచ్చి తెచ్చుకున్నట్టే కదా! సరైన సైజుదైతే నిదానంగా, ఎక్కువసేపు నడిచి ఇల్లంతా సమంగా వెచ్చబరుస్తుంది.

"పాతదెంతో కొత్తదీ అంతే" అనడమూ సరికాదు. గంటకు 1,00,000 బీటీయూల గ్యాస్ తీసుకునే పాత ఫర్నేస్ సామర్థ్యం 80 శాతమైతే ఇంటికిచ్చే వేడి 80,000. అదే 95 శాతం కొత్తదైతే 95,000. ఈలోగా కిటికీలు మార్పించి, అటకలో ఇన్సులేషన్ వేయించి ఉంటే అసలు కావలసిందే తగ్గుతుంది.

మరెలా తేల్చాలి? దానికి 'మాన్యువల్ జె' అనే లెక్క ఉంది. గోడలు, కిటికీలు, పైకప్పు, సందుల్లోంచి దూరే గాలి, ఆ ఊరి చలి అన్నీ చూసి ఇంటికెంత వేడి కావాలో చెబుతుంది. చదరపు అడుగులు మాత్రం అడిగి సైజు చెప్పేసే కాంట్రాక్టరు ఆ లెక్క చెయ్యనట్టే.

ఇలాంటి మాటలొచ్చినప్పుడు మగవాళ్లకు వదిలేసి మనం కాఫీ కలపడానికి వెళ్లిపోతాం. ఏ గది చల్లగా ఉంటుందో, ఏ కిటికీలోంచి గాలి కొడుతుందో ఇల్లు చూసుకునే మనకు తెలియదా? వేల డాలర్ల ఖర్చు, ఏళ్ల తరబడి ఉండే వస్తువు. లెక్క కాగితం చూపించాకే సంతకమని మనమే చెబుదాం. ఫోన్‌లో అమ్మలు కూడా "పెద్దది పెట్టించావా?" అనకుండా "లెక్క కట్టించావా?" అని అడిగితే ఎంత బాగుంటుంది!