గ్యారంటీ ఎవరికి?

పల్లెల మీదుగా నడిచే ప్యాసింజరు బండ్లు నష్టదాయకములనీ, అవి లేకున్నా మునిగిపోయేది లేదనీ వాదించే విద్యావంతులు ఈ మధ్య పెరిగినారు. వారు డోర్నకల్–ఇల్లందు రైలుమార్గం చరిత్రను ఒకసారి తిరగవేయవలసినదిగా నా మనవి.

నిజాం రాజ్యంలో ఈ మార్గాన్ని నిర్మించిన సంస్థ పేరే నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. మా నర్మెట్టకు రైలు లేదు. మేము బండి ఎక్కే జనగామ కూడా ఆ సంస్థ వేసిన దారిలోనిదే. ఇంతకూ ఆ గ్యారంటీ ఎవరికి? లండన్ వాటాదారులకు! లాభం వచ్చినా రాకున్నా 20 ఏళ్ళపాటు ఏటా 5 శాతం ముట్టజెప్పడానికి నిజాం ఖజానా పూచీపడినది. ఖజానా అనగా రైతు కట్టిన శిస్తే కదా! చందా రైలు పథకంగా పేరుపడిన ఈ ఏర్పాటును బహిరంగంగా చర్చించాలని కోరినందుకు, 1883లో అఘోరనాథ చట్టోపాధ్యాయులను నగర బహిష్కారం చేసినారు.

ఇల్లందు ప్రాంతంలో బొగ్గున్నదని 1871లో విలియం కింగ్ కనుగొన్నాడు. 1888 నాటికే పట్టాలు గనులను చేరినవి. బెజవాడకు చేరినది ఆ మరుసటి ఏడు, 1889లో. ముందు బొగ్గు, తరువాతనే మనుషులు!

నేటికీ డోర్నకల్–కొత్తగూడెం దారిలో బొగ్గు బండ్లు నడుస్తూనే ఉన్నవి. కానీ కారేపల్లి దగ్గర చీలి ఇల్లందుకు పోయే కొమ్మపై ప్రయాణికుల బండి ఎన్నడో ఆగిపోయినది. బొగ్గు పుట్టిన ఊరివారు బస్సు కోసం నిలబడవలెను. ఇదేమి న్యాయం?

"టిక్కెట్ల డబ్బు చాలదు కదా" అంటారు. చాలదు, నిజమే. ఆ దారి టిక్కెట్ల కోసం వేసినదే కాదు. సరకు కోసం వేసిన దారిని ప్రయాణికుల టిక్కెట్లతో తూచడం తప్పుడు తూకం. జపానులోని చికుహో బొగ్గుసీమలో గనులు మూతపడినాయి. బొగ్గు కోసం వేసిన రైలుదారులకు ఆ సరకే లేకుండా పోయినది. అయినా ప్రజల రాకపోకలకై 1989లో స్థానిక ప్రభుత్వాల భాగస్వామ్యంతో ఒక సంస్థను స్థాపించి ఆ దారులను దానికి అప్పగించినారు. బొగ్గు పోయినా అక్కడ మనుషులను లెక్కించినారు. ఇక్కడ బొగ్గు ఉండగానే మనుషులను మరచినారు.

పరదేశపు వాటాదారునికి 20 ఏళ్ళు పూచీపడగలిగిన నేల ఇది. ఇల్లందుకు ఉదయమొకటి, సాయంత్రమొకటి ప్యాసింజరు బండి నడపడానికి ఎవ్వరూ పూచీపడలేరా? రైల్వే శాఖా, సింగరేణి సంస్థా, రాష్ట్ర ప్రభుత్వమూ కలసి సమాధానం చెప్పవలెను.