టు-లెట్ బోర్డు అడిగే ఇంటిపేరు

పోయిన నెల ఒక ఆదివారం మా ఆఫీసు కుర్రాడితో కలిసి సికింద్రాబాద్ గల్లీల్లో అద్దె ఇల్లు వెతికాను. ఒక గేటుకి తీగతో కట్టిన టు-లెట్ బోర్డు కనిపించింది. మేడమీద రెండు గదుల పోర్షన్. ఇంటావిడ మంచినీళ్లిచ్చారు, బోరు నీళ్లకి ఇబ్బంది లేదన్నారు, అద్దె కూడా కుదిరింది. మెట్లు దిగుతుంటే అడిగారు, "ఇంతకీ మీ ఇంటిపేరేమిటి బాబూ?" చెప్పాడు. ఆమెకి అంతుపట్టలేదు. "అంటే, మీరేమిట్లు?" అదీ చెప్పాడు. "అయ్యో, మావారు నిన్ననే ఎవరి దగ్గరో అడ్వాన్సు తీసుకున్నారు, మర్చేపోయాను" అన్నారు.

వారం తర్వాత అటు వెళ్తే బోర్డు అక్కడే ఉంది. కింద స్కెచ్ పెన్నుతో 'వెజ్ ఓన్లీ' అని కొత్తగా రాశారు. మాంసం వాసనే ఇబ్బందైతే వంట గురించి అడగాలి, ఇంటిపేరుతో ఏం పని?

ఇరవై ఏళ్ల కిందట నేను ఈ నగరానికి వచ్చినప్పుడు నన్నూ ఇదే అడిగారు. జవాబు చెప్పిన సాయంత్రానికే తాళంచెవి చేతిలో పెట్టారు. అప్పట్లో దాన్ని పలకరింపు అనుకున్నాను.

కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి 1917లో బరోడాలో ఉద్యోగానికి చేరిన అంబేడ్కర్‌కి ఆ ఊళ్లో ఇల్లు దొరకలేదు. కులం దాచుకుని ఒక పార్శీ సత్రంలో దిగితే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. రైలు వేళయ్యేదాకా ఒక తోటలో కూర్చోవాల్సి వచ్చింది. పల్లెలో వాడ ఊరికి దూరంగా ఉంటుంది, పట్నంలో ఆ గీత ఉండదని నమ్మి కదా మనవాళ్లు బస్సెక్కేది!

ముస్లిం మిత్రుల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫోన్లో పేరు వినగానే "ఇల్లు ఇచ్చేశామండీ" అంటారు. అందుకే ఉద్యోగం గచ్చిబౌలిలో ఉన్నా ఇల్లు టోలిచౌకిలోనో మెహదీపట్నంలోనో చూసుకుంటారు. ఆ తర్వాత మనమే అంటాం, "వాళ్లంతా ఒక్కచోటే ఉంటారు" అని! అహ్మదాబాద్‌లో జుహాపురా మొదలైంది 1973 సబర్మతి వరదల్లో ఇళ్లు పోయినవారి కోసం. హిందువులూ ముస్లింలూ పక్కపక్కనే ఉండేవారు. అల్లర్లు జరిగిన ప్రతిసారీ హిందువులు వెళ్లిపోవడం, భయంతో ముస్లింలు వచ్చి చేరడం. నగరం రెండు ముక్కలైంది. అంతటి నెత్తురు చూడని వీధుల్లో ఆ పని టు-లెట్ బోర్డు మెల్లగా చేస్తోంది.

రాజ్యాంగం 15వ అధికరణంలో అంగళ్లు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్లు ఉన్నాయి. వాటి దగ్గర కులమో మతమో చూపి ఎవరినీ ఆపకూడదు. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. పైగా పార్శీలకు మాత్రమే సభ్యత్వమిచ్చే ఒక హౌసింగ్ సొసైటీ నిబంధన చెల్లుతుందని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది.

అమెరికాలో 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపారు. ఏప్రిల్ 11న ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టంపై అధ్యక్షుడు సంతకం చేశాడు. యజమాని కూడా నివసించే, నాలుగు వాటాలకు మించని ఇళ్లకు అందులో కొంత మినహాయింపు ఉంది. ప్రకటనకు మాత్రం లేదు. ఫలానా జాతివాళ్లకే, ఫలానా మతంవాళ్లకే అని బోర్డు రాయడం అలాంటి యజమానులకూ తప్పే. డల్లాస్‌లో, న్యూజెర్సీలో మన పిల్లలు ఆ చట్టం నీడలోనే ఇళ్లు తీసుకుంటున్నారు. వాళ్లలోనే కొందరు ఇక్కడి ఫ్లాటు అద్దెకివ్వడానికి బ్రోకరుకు పంపే వాట్సాప్ షరతులు చదివితే మనసు చివుక్కుమంటుంది.

రెండు తెలుగు శాసనసభలూ ఇలాంటి చట్టం తేవాలి. ముందు బోర్డుతోనే మొదలుపెట్టవచ్చు. కులం, మతం పేరుతో గానీ, వాటికి ముసుగేసిన మాటతో గానీ అద్దె ప్రకటన ఇస్తే జరిమానా వేయాలి. యజమాని ఉద్యోగం అడగనీ, గుర్తింపు కార్డు చూడనీ, రెండు నెలల అడ్వాన్సు తీసుకోనీ. అంతకుమించి అడిగే హక్కు ఉండకూడదు.

మా కుర్రాడు ఇంకా హాస్టల్లోనే ఉన్నాడు. ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లిని తెచ్చుకోవడానికి ఇల్లు వెతుకుతున్నాడు. మీ మేడమీద పోర్షన్ ఖాళీగా ఉంటే చెప్పండి.