పరుల సొమ్మును కాచినవాని చరిత్రము



ధనవంతుల చరిత్రములతో మనకేమి పని యని మీలో కొంద ఱడుగవచ్చును. వారి భాగ్యమును జూచి విస్మయపడుటకు గాదు. ఆ ధన మెట్లు చేరినదో, చేరినపిమ్మట నెటు పోయినదో తెలిసికొన్నచో మన చిన్న సంసారములకును పాఠము దొరకును. కావున నీ నెల హైదరాబాదున పుట్టి కెనడాదేశమున పేరొందిన శ్రీ ప్రేమ్ వత్సగారిని గూర్చి వ్రాయుచున్నాను.

ఆయన 1950వ సంవత్సరమున జన్మించెను. బేగంపేటలోని హైదరాబాదు పబ్లిక్ స్కూలులో చదివి, 1971లో మద్రాసు ఐ.ఐ.టి.లో రసాయన ఇంజనీరింగు పట్టము పొందెను. పిదప కెనడాకేగి వెస్టర్న్ ఆంటారియో విశ్వవిద్యాలయమున వాణిజ్యవిద్య నభ్యసించెను. చదువు ఖర్చులకై యింటింటికి దిరిగి ఏర్ కండిషనర్లను, ఇండ్లను వెచ్చజేయు యంత్రములను అమ్మెనట. 1974లో టొరాంటో నగరమున నొక జీవితబీమా కంపెనీ యొక్క పెట్టుబడుల శాఖలో కొలువు కుదిరెను. 1985లో లారీలకు బీమా చేయు నొక చిన్న కంపెనీని చేపట్టెను. అదియే 1987లో ఫెయిర్‌ఫాక్స్ అను పేరు దాల్చి, పెక్కు దేశములకు వ్యాపించినది.

బీమా వ్యాపారములో లాభ మెట్లు వచ్చునో మన ఊరి చెఱువును తలచుకొన్నచో సులభముగా తెలియును. వానకాలమున చెఱువు నిండును. ఆ నీరు రైతులది. పైరు కెండినప్పుడు తూము తెఱచి యీయవలసినదే. అయినను నీరు నిలిచియున్నంత కాలము మత్స్యకారుల సంఘమువారు దానిలో చేపలు పెంచుకొందురు. బీమాకంపెనీకి మనము కట్టు ప్రీమియము అట్టి నీరే. ఎవరికైన ఆపద వచ్చినపుడు చెల్లింపవలసిన పరుల సొమ్మది. చెల్లించువఱకు దానిని మంచి పెట్టుబడులలో నుంచి లాభము గడించుటయే వత్సగారి విద్య. చేపలపై ఆశచే తూము తెఱవనివాడు ద్రోహి. సకాలమున తెఱచినవాడు ధర్మాత్ముడు. ఈ వృత్తిలో మొదటి ధర్మ మిదియే. దానము దాని తరువాతి మాట.

ఆయన కీర్తికి ముఖ్యకారణ మొకటి మనసు నొప్పించునదియే. అమెరికాలో ఇండ్లపై నిచ్చిన ఋణములు కూలిపోవునని ఆయన ముందే గ్రహించి, అట్లు కూలినచో సొమ్ము చేతికి వచ్చు నొప్పందములు కొనియుంచెను. 2007, 2008 సంవత్సరములలో లక్షలాది కుటుంబములు గృహములు గోల్పోవుచుండగా, ఫెయిర్‌ఫాక్స్‌కు రెండువందల కోట్ల డాలర్లకు మించి లాభము వచ్చెను. నిప్పు పెట్టినవాడాయన కాడు; నిప్పంటునని యెఱిగి జాగ్రత్తపడినవాడు. అయినను పరుల కష్టకాలమున చేరిన సొమ్ము మోయవలసిన బరువుగానే యుండునని నా తలంపు. మఱి దూరదృష్టియు నెల్లప్పుడు నిజము గాదు. ఆ పిమ్మట మార్కెట్టు మరల కూలునని కొన్నేండ్లు భయపడి చేసిన రక్షణలవలన కంపెనీకి గొప్ప నష్టము వచ్చెను. 2016లో వానిని విడిచిపెట్టిరి.

ఆయనలో నాకు నచ్చిన గుణములు రెండు. కంపెనీ యెంత పెరిగినను 2000వ సంవత్సరమునుండి తన జీతమును ఏటికి ఆఱులక్షల కెనడా డాలర్లకే కట్టివైచి, బోనసు పుచ్చుకొనకుండెను. అది మన కండ్లకు గొప్ప మొత్తమే గాని అట్టి పదవిలోనివారికి స్వల్పము. రెండవది, ఫెయిర్‌ఫాక్స్ కంపెనీ 1991 నుండి లాభములో నొక భాగమును ఏటేట ధర్మకార్యములకు తీసియుంచుచున్నది. మనసు కరిగిననా డిచ్చు దానము గాదు. లెక్కలో మొదటనే వ్రాసికొన్న దానము. ఆయన స్వయముగా టొరాంటోలోని పిల్లల ఆసుపత్రి ధర్మకర్తలలో నొకడుగ పనిచేసెను. 2009 నుండి 2015 వఱకు వాటర్లూ విశ్వవిద్యాలయమునకు ఛాన్సలరుగ నుండెను. 2015లో ఆర్డర్ ఆఫ్ కెనడా, 2020లో మన దేశపు పద్మశ్రీ ఆయనకు లభించినవి.

ఇక మన కరీంనగరు, ఆదిలాబాదు సీమల మాట. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల ప్రాంతములనుండి ఎందఱో పురుషులు దుబాయి, మస్కట్టులకు పోవుచున్నారు. అట్లు పోవు శ్రామికులకై ప్రవాసీ భారతీయ బీమా యోజన కలదు. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు కట్టినచో, ప్రమాదమున మరణించినను శాశ్వతముగా అంగవైకల్యము కలిగినను పది లక్షలు వచ్చును. జబ్బుచే పోయినచో ఈ సొమ్ము రాదు. 2018లో తెలంగాణ ప్రభుత్వము ప్రారంభించిన రైతుబీమాలో, పట్టా కలిగి 18 మొదలు 59 ఏండ్ల లోపు వయసున్న రైతు ఏ కారణమున మరణించినను నామినీకి అయిదు లక్షలు ముట్టును.

కాని ఆ కాగితము ఏ పెట్టెలో నున్నదో, నామినీగా నెవరి పేరున్నదో, గడువెన్నడు ముగియునో ఎఱిగిన యిల్లాం డ్రెందఱు? అమంగళమని ఆ మాట యెత్తనీయని యిండ్లు పెక్కు కలవు. అడుగుట అమంగళము గాదు. అడుగక పిమ్మట పిల్లలతో కచేరీల చుట్టు తిరుగుటయే అమంగళము.

కావున నీ వారమే భర్తతో గూర్చుండి ఆ కాగితములు తీయించుడు, చదువుడు, రానిచో పిల్లలచే చదివించుకొనుడు. గడువు తీరినవానిని మరల కట్టించుడు. పిమ్మట ఇంటి లెక్కల పుస్తకమున బియ్యము, పప్పు, పాలకు పైన మొదటి వరుసలో ధర్మమునకని నెలకు పది రూపాయలైనను వ్రాసికొనుడు. కోటీశ్వరుడు చేయుచున్న పని అదియే, అంకెలే వేఱు.