కేసు షీటు అడుగుదాం

"నెలసరిలో రక్తం ఎక్కువగా పోతోందని ఆస్పత్రికి వెళ్ళాను. గర్భసంచి తీసేయకపోతే కాన్సరొస్తుందన్నారు. తీసేశారు."

స్త్రీల సంఘాల్లో పనిచేసే మనలో ఈ మాట వినని వాళ్ళు ఉండరు. చెప్పే ఆమెకు ముప్ఫై అయిదేళ్ళకు మించి ఉండవు. నడుం నొప్పితో కూలికి వెళ్ళలేకపోతూ ఉంటుంది. ఆపరేషన్‌కు చేసిన అప్పు ఇంకా తీరి ఉండదు. కాగితాలేవమ్మా అని అడిగితే మందుల చీటీ ఒకటి చూపిస్తుంది. మిగతావన్నీ ఆస్పత్రి వాళ్ళే ఉంచుకున్నారంటుంది.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మంది, తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను 3 నెలల్లోగా అమలులోకి తేవాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అది ఇకముందు జరగబోయేవాటికి రక్షణ. ఇప్పటికే నష్టపోయిన స్త్రీ మాటేమిటి? ఆమె కేసు వేయగలదా? వేయగలదు. గెలవడం మాత్రం చాలాసార్లు మొదటి కొద్ది రోజుల్లో ఆమె చేతికి వచ్చిన కాగితాల మీద ఆధారపడుతుంది. అందుకే ఈ సంగతి వకీలు దగ్గరకు వెళ్ళకముందే మనం తెలుసుకోవాలి.

వైద్యం వికటించినంత మాత్రాన చట్టం దాన్ని నిర్లక్ష్యమనదు. ఆ డాక్టరు ఆమె వైద్యానికి బాధ్యత తీసుకున్నారని, అదే చదువు చదివిన మామూలు డాక్టరు తీసుకునే జాగ్రత్త కూడా తీసుకోలేదని, ఆ కారణంగానే ఈ నష్టం జరిగిందని మూడు సంగతులూ రుజువు కావాలి. రుజువు చేయవలసిన భారం నష్టపోయినవారి మీదే ఉంటుంది. హర్యానాలో ఏడుగురు పిల్లల తల్లి అయిన ఒక కూలీ స్త్రీ ప్రభుత్వ ఆస్పత్రిలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నాక మళ్ళీ గర్భవతి అయింది. కుడివైపు నాళానికి మాత్రమే ఆపరేషన్ చేసి ఎడమవైపుది వదిలేశారని సాక్ష్యంలో తేలింది. ఆమెకు వచ్చిన 54,000 రూపాయల పరిహారాన్ని 2000లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 2005లో పంజాబ్ నుంచి వచ్చిన మరో కేసులో, ఆపరేషన్ తర్వాత గర్భం వచ్చినంత మాత్రాన డాక్టరు నిర్లక్ష్యం రుజువైనట్టు కాదని అదే కోర్టు అంది. కష్టం ఇద్దరిదీ ఒకటే. సాక్ష్యం మాత్రం ఒక్కరికే ఉంది.

కేసు ఎక్కడ వేయాలి? 1995 నవంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందకు వచ్చింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే ఆస్పత్రులైతే, ఆ ఉచిత రోగులకు కూడా ఈ హక్కు ఉంది. ప్రస్తుతం అమలులో ఉన్న 2019 చట్టం ప్రకారం బాధితురాలు తాను నివసించే జిల్లాలోని కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. ఆస్పత్రికి కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలు ఉండి తీరాలన్న నియమమూ లేదు. గడువు మాత్రం 2 సంవత్సరాలే. ఆ తర్వాత వెళితే ఆలస్యానికి తగిన కారణం చూపాలి.

అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆస్పత్రులు ఈ చట్టం కిందకు రావు. అంటే డబ్బు కట్టలేని స్త్రీకే ఈ దారి మూసుకుపోయింది! ఆమె సివిల్ కోర్టుకో హైకోర్టుకో వెళ్ళాలి. అయితే 1987 న్యాయ సేవల చట్టం కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ గడప తొక్కడం మనం అలవాటు చేసుకోవాలి.

కోపంలో మనకు ముందు గుర్తొచ్చేది పోలీస్ స్టేషన్. డాక్టరు మీద క్రిమినల్ కేసు నిలవాలంటే మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. పోలీసులు ముందుగా మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని కూడా అంది. మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేస్తే డాక్టరు మీద చర్య ఉండవచ్చు గానీ పరిహారం రాదు. ఏది కోరుకుంటున్నామో ముందే తేల్చుకోకపోతే, తిరగడంలోనే రెండేళ్ళ గడువు గడిచిపోతుంది.

డాక్టరు మీద ఇంకో డాక్టరు సాక్ష్యం చెప్తాడా అని మనవాళ్ళు నిరాశపడుతుంటారు. హైదరాబాదులో మలేరియా జ్వరానికి టైఫాయిడ్ వైద్యం చేయడంతో భార్యను పోగొట్టుకున్న ఒకాయన కేసు వేశారు. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇమ్మంది. నిపుణుల సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది. 2010లో సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. తప్పు కాగితాల్లోనే స్పష్టంగా కనబడుతున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుల సాక్ష్యం అక్కరలేదంది. ఇక్కడా దారి చూపినవి ఆస్పత్రి రికార్డులే.

ఇక సంతకం సంగతి. ఢిల్లీలో 44 ఏళ్ళ అవివాహిత ఒకామె లాపరోస్కోపీ పరీక్షకు ఒప్పుకుంది. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని గర్భసంచినీ అండాశయాలనూ తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, తెలివిలోకి వచ్చాక ఆమెనే అడగవలసిందని, తల్లి అంగీకారం చెల్లదని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇచ్చిన పరిహారం 25,000 రూపాయలు. అవయవాలు పోగొట్టుకున్న స్త్రీకి ఈ మొత్తం ఏపాటి అని మనం అడగవలసిందే. కానీ ఆ తీర్పులోని సూత్రం విలువ పెద్దది. మన ఊళ్ళలో ఆ సంతకం చాలాసార్లు భర్తది. ఆమెకు వివరం చెప్పరు, ఆయన చేత వేలిముద్ర వేయిస్తారు. మేజరైన స్త్రీ శరీరం మీద నిర్ణయం ఆమెదేనని సభల్లో చెప్పుకుంటున్న మాటే ఇక్కడ చట్టమైంది. దాన్ని ఆస్పత్రి గది లోపలికి తీసుకుపోవడం మన పని.

కాబట్టి బాధితురాలు మన దగ్గరకు వచ్చిన రోజే కొన్ని పనులు మొదలుపెట్టాలి. కేసు షీటు, ఆపరేషన్ నోట్సు, అంగీకార పత్రం, స్కానింగ్ రిపోర్టుల నకళ్ళు కావాలని ఆస్పత్రికి రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోవాలి. 2002 వైద్య ప్రవర్తనా నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లోగా వాటిని ఇవ్వాలి. ఆస్పత్రిలో చేరినవారి రికార్డులను 3 సంవత్సరాలు భద్రపరచాలి. ప్రభుత్వ ఆస్పత్రి అయితే సమాచార హక్కు చట్టం ఉంది. తీసేసిన గర్భసంచిని బయాప్సీకి పంపారా, రిపోర్టు ఏమంది అని తప్పక అడగాలి. కాన్సర్ భయం చూపి చేసిన ఆపరేషన్‌లో ఆ కాగితమే పెద్ద సాక్షి. నమ్మకమున్న మరో డాక్టరుకు చూపించి అభిప్రాయం రాయించుకోవాలి. ఏ రోజు ఎవరు ఏమన్నారో ఆమె చెబుతుండగా తేదీలతో రాసిపెట్టాలి. రిజిస్టరైన స్వచ్ఛంద వినియోగదారుల సంఘం కూడా ఫిర్యాదుదారు కావచ్చునని చట్టమే అంటోంది గనుక, అలాంటి సంఘాలతో పరిచయం పెంచుకోవాలి.

ఆస్పత్రి వాళ్ళు రాజీకి పిలుస్తారు. ఊరి పెద్దలు "ఎంతో కొంత తీసుకో" అంటారు. ఆమెకు డబ్బు అవసరం. రాజీ పడాలో పోరాడాలో తేల్చుకోవలసింది ఆమె, మనం కాదు. అయితే చేతిలో కేసు షీటు ఉండి తీసుకునే నిర్ణయానికీ, ఏమీ లేక తలవంచి తీసుకునే నిర్ణయానికీ తేడా ఉంది.

మీ ప్రాంతంలో రికార్డులు అడిగినప్పుడు ఏం జరిగింది? ఇచ్చారా, తిప్పారా, బెదిరించారా? మాకు రాయండి. వచ్చే సంచికలో వాటిని అందరం పంచుకుందాం.