అది వేడి కాదు వదినా!

చెల్లెళ్ళూ! ఈ వారం వంటలూ పచ్చళ్ళూ పక్కన పెట్టి, మనం నలుగురిలో నోరెత్తని సంగతొకటి చెబుతాను.

శివరాత్రి తర్వాత చక్రతీర్థ స్నానానికి మా శ్రీముఖలింగం వచ్చిన పెద్ద వదినగారు నన్ను పెరట్లోకి పిలిచి, "ఒంటికెళ్తే ఎర్రగా పడతంది మరదలా, నొప్పి మాత్రం నేదు" అన్నారు. "వేడి చేసుంటుంది లెండి" అని బార్లీ నీళ్ళు కాచి ఇచ్చాను. రెండు రోజుల్లో తగ్గిపోయింది. నా బార్లీయే తగ్గించిందనుకున్నాను!

నాలుగు నెలలకి మళ్ళీ వచ్చింది, ఈసారి గడ్డలతో. పరీక్ష చేస్తే మూత్రాశయంలో చిన్న కంతి. క్యాన్సర్ అన్నారు. పొట్ట కొయ్యకుండా మూత్రం వచ్చే దారిలోంచే తీసేశారు. డాక్టరుగారు మొదట అడిగింది, "చుట్ట కాలుస్తారా?" అని. నిప్పు నోటి లోపల పెట్టుకుని కాల్చే అడ్డపొగ మా వైపు ఆడవాళ్ళకి అలవాటే. పొగాకు విషం రక్తంలో కలిసి, మూత్రంలోకి దిగి, మూత్రాశయంలో నిలవుంటుందట.

మంటతో రక్తం వస్తే చాలాసార్లు ఇన్‌ఫెక్షన్. నడుము పక్కనుంచి గజ్జల్లోకి పోటు వస్తే రాయి కావచ్చు. నొప్పే లేకుండా, అందులోనూ నలభై దాటాక వస్తే, ఒక్కసారి వచ్చి ఆగినా సరే, వదలకూడదు.

బీట్‌రూట్ తిన్నా, క్షయకిచ్చే రిఫాంపిసిన్ బిళ్ళ వేసుకున్నా మూత్రం రంగు మారుతుంది. ముట్టు రక్తమూ కలవవచ్చు. అందుకని ఆ రోజులు దాటాక, శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి మధ్య ధార సీసాలో పట్టాలి. ముట్లు ఆగిపోయిన వాళ్ళకి మరక కనిపిస్తే అది గర్భసంచి నుంచీ కావచ్చు, అదీ చూపించుకోవాలి.

ముందు మూత్రాన్ని మైక్రోస్కోపులో చూస్తారు. అవసరాన్ని బట్టి కల్చర్, రక్తంలో క్రియాటినిన్, పొట్ట స్కానింగ్, సన్నని గొట్టంతో మూత్రాశయం లోపల చూసే సిస్టోస్కోపీ చేస్తారు.

ఎర్రగా రానంత మాత్రాన కిడ్నీలు బాగున్నట్టూ కాదు. మన జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బు చాలామందికి చడీచప్పుడు లేకుండానే ముదురుతుంది. కవిటి, సోంపేట వైపు చెల్లెళ్ళు క్రియాటినిన్ పరీక్ష మానకండి.

వదినగారు చుట్ట మానేశారు. గొట్టం పరీక్షకి వాయిదా తప్పకుండా వెళ్తున్నారు. పోగొట్టిన ఆ నాలుగు నెలలే నా మనసులోంచి పోవడం లేదు. బార్లీ తాగండి, కాదనను. ముందు సీసా పట్టుకుని ల్యాబుకి వెళ్ళి రండి.