మందుల పేటలు: ఉమ్మడి లెక్క

కంసాలి వీథిలో పదియవ కొలిమి వెలసినంతమాత్రమున మొదటి తొమ్మిదియు ఆరిపోవుట లేదు. ఆ వీథికే గిరాకి హెచ్చును. ఒక కొలిమిలో నేర్చిన పని మఱునాడు పొరుగు కొలిమికి చేరును. మందుల పరిశ్రమకును ఇదియే న్యాయము.

హైదరాబాదే ఇందులకు నిదర్శనము. 1961లో భారత ప్రభుత్వము స్థాపించిన ఐ.డి.పి.ఎల్. సంస్థ బాలానగరమున మందుల కర్మాగారమును నెలకొల్పెను. ఆ సంస్థలో పని నేర్చిన రసాయనజ్ఞులు పలువురు వెలుపలికి వచ్చి స్వంత పరిశ్రమలను ప్రారంభించిరి. 1984లో తన పేర సంస్థను నెలకొల్పిన డాక్టరు కల్లం అంజిరెడ్డిగారు వారిలో నొకరు. 1970 నాటి పేటెంటు చట్టము మందుపై గాక, దానిని చేయు విధానముపై మాత్రమే హక్కు నిచ్చుటచే, 2005 వరకు క్రొత్త విధానమును కనుగొన్నవానిదే గెలుపయ్యెను. కావున నేర్పే మూలధనమైనది. జీడిమెట్ల, బొల్లారము, పటాన్‌చెరు ప్రాంతములలో ద్రావకము తఱిగిన పొరుగున దొరకెను. యంత్రము చెడిన బాగుచేయువాడు పిలుపు దూరముననే యుండెను. పనివాడు ఇల్లు మాఱకయే కొలువు మాఱెను, వానితో నేర్పును నడచి వచ్చెను. తక్కువ వ్యయముతో ఎక్కువ సరకు చేయగల శక్తి ఇట్లు కలుగును గాని, కేవలము భూమిని చౌకగా పంచినంతమాత్రమున రాదు.

అయితే ఈ లెక్కకు రెండవ పుట గలదు. పరిశ్రమలు గుమిగూడినచోటనే మలినమును గుమిగూడును. 2007లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు కనబడెను. శుద్ధియైన పిమ్మట మిగిలినదే యిది! అట్టి నీటిలో పెరిగిన క్రిములు ఆ మందునకే లొంగకుండ పోవును. ఈ నష్టము ఏ కంపెనీ పద్దులోను వ్రాయబడదు. దిగువ గ్రామముల ప్రజలు దానిని మోయుదురు.

మలినశుద్ధికి వ్యయము హెచ్చినచో చైనా సరకుతో పోటీ పడజాలమని కొందఱందురు. పొరుగువాని బావిని చెఱచి మిగిల్చిన రూపాయి సామర్థ్యము కాదు, అప్పు. పైగా, పదుగురు కలసి చేసిన శుద్ధిలో ఒక్కొక్కరి వ్యయము తగ్గును. చేరువగా నుండుటలోని లాభమును ఇందులకు వినియోగింపరాదా?

2020లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన పథకము క్రింద, 2022లో గుజరాతు, హిమాచలప్రదేశములతోపాటు ఆంధ్రప్రదేశమునకును ముడిమందుల పార్కు మంజూరయ్యెను. ఒక్కొక్క పార్కునకు 1000 కోట్ల రూపాయల వరకు లభించు ఆ సహాయము ఉమ్మడి వసతులకే ఉద్దేశింపబడినది. ద్రావకములను మరల వినియోగమునకు దెచ్చుట, మలినజలమును శుద్ధిచేయుట, పరీక్షాశాలలు అందులోనివే. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో ఈ వసతులు ముందును, కర్మాగారములు తరువాతను రావలెను. శుద్ధిచేసిన నీటి పరీక్షాఫలితములను నెలనెలకు తెలుగున వ్రాసి గ్రామచావడులలో అంటింపవలెను. పటాన్‌చెరు ప్రజలు చెల్లించిన వెలను నక్కపల్లి ప్రజలచే మరల చెల్లింపజేయరాదని మా మనవి.