క్రీడాకారిణులకు కొదవ లేదు... శిక్షకురాలి కొలువేదీ?

2017 జూలై 29వ తేదీన బెంగళూరు శ్రీ కంఠీరవ ఇండోర్ స్టేడియంలో భారత మహిళా బాస్కెట్‌బాల్ జట్టు 75-73 స్కోరుతో కజకిస్తాన్‌ను ఓడించింది. ఆసియా కప్ 'బి' విభాగంలో విజేతగా నిలిచి 'ఎ' విభాగానికి ఎగబాకింది. రెండేళ్ళకు, 2019 సెప్టెంబరులో, అదే స్టేడియంలో జపాన్, చైనా, ఆస్ట్రేలియా వంటి జట్లు పాల్గొన్న పోటీల్లో ఆడి ఎనిమిది జట్లలో ఎనిమిదవ స్థానంతో సరిపెట్టుకున్నది. గెలుపోటముల మాట అటుంచితే, రెండు సందర్భాలలోనూ భారత జట్టు ప్రధాన శిక్షకుని కుర్చీలో కూర్చున్నది సెర్బియా దేశస్థుడైన జోరన్ విసిచ్. ఆయన సామర్థ్యాన్ని శంకించవలసిన పని లేదు. అయితే, ఇన్ని కళాశాలలు, ఇన్ని కోర్టులు ఉన్న బెంగళూరు వంటి నగరం నుంచి ఆ కుర్చీ దాకా నడిచి వెళ్ళగల దారి ఒక మహిళకు ఉన్నదా అన్న ప్రశ్న ఆనాడు ఎవరూ వేయలేదు, ఈనాటికీ వేయడం లేదు.

సరిహద్దుకు ఇటు హిందూపురం, మడకశిర, మదనపల్లె, కుప్పం ప్రాంతాల నుంచి, అటు కోలారు, చిక్కబళ్ళాపురం, పావగడల నుంచి ఏటా ఎందరో బాలికలు పై చదువులకు బెంగళూరు చేరుతున్నారు. వారిలో ఆట తెలిసినవారు క్రీడా కోటాలో సీటు సంపాదించుకుంటారు. మూడేళ్ళు కళాశాల జట్టుకు ఆడతారు. ఆ తర్వాత? రైల్వేలో క్రీడా కోటా ఉద్యోగం దొరికితే అదృష్టం. జాతీయ మహిళా ఛాంపియన్‌షిప్‌లో ఇండియన్ రైల్వేస్ జట్టు ఆధిపత్యానికి కారణం కూడా అదే; అక్కడ జీతం ఉన్నది, ఆట ఉన్నది. దక్షిణ రైల్వే ఉద్యోగినిగానే అనితా పాల్ దురై సుదీర్ఘకాలం దేశానికి ఆడి 2021లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ కొలువు దొరకని వారికి ఆటతో బంధం తెగిపోతుంది. 'కళాశాల మహిళా జట్టుకు శిక్షకురాలిని అవుతాను' అని ఏ బాలికైనా అంటే, తల్లిదండ్రులకు చూపడానికి అటువంటి ఉద్యోగ ప్రకటన ఒక్కటి కూడా ఆమె చేతికి దొరకడం కష్టం.

మన కళాశాలల్లో ఉన్నది వ్యాయామ విద్యా సంచాలకుల పదవి. అందరి నోటా 'పీడీ'. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో నెలకొల్పిన వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలతో దక్షిణాదిన వేళ్ళూనుకొన్న వృత్తి ఇది, గౌరవప్రదమైనదే. కానీ ఒక్క పీడీ క్రికెట్‌ను, కబడ్డీని, వాలీబాల్‌ను, పరుగు పందాలను, బాస్కెట్‌బాల్‌ను, పురుషుల జట్లను, మహిళల జట్లను అన్నింటినీ చూసుకోవాలి. క్రీడా కోటా ధ్రువపత్రాల పరిశీలన, జనవరి 26 కవాతు, వార్షికోత్సవాన శామియానా లెక్కలు అదనం. బాస్కెట్‌బాల్‌కంటూ ప్రత్యేక శిక్షకులను పెట్టుకునే ప్రైవేటు కళాశాలలు లేకపోలేదు. అక్కడ నియామకం సాధారణంగా ఒప్పంద పద్ధతిపైనే. పోటీల కాలం ముగిస్తే ఒప్పందమూ ముగుస్తుంది.

ఈ పదవికి 2018లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ప్రకటించిన అర్హతలు పరిశీలించదగినవి. వ్యాయామ విద్యలో స్నాతకోత్తర పట్టా, నెట్ ఉత్తీర్ణత, పోటీల్లో పాల్గొన్న అనుభవం, వీటికి తోడు దేహదారుఢ్య పరీక్ష. ముప్పై ఏళ్ళ లోపు మహిళ 8 నిమిషాల్లో 1000 మీటర్లు, నలభై ఏళ్ళ లోపు మహిళ 800 మీటర్లు పరుగెత్తి గానీ నడిచి గానీ చేరాలి. ఒక జట్టును ఎలా తీర్చిదిద్దుతారు, ఓడిపోతున్న ఆటలో చివరి రెండు నిమిషాలు ఎలా నడిపిస్తారు అన్నది మాత్రం కొలిచేవారు లేరు. ఆసియా క్రీడల్లో గానీ కామన్వెల్త్ క్రీడల్లో గానీ పతకం సాధించి, స్నాతకోత్తర పట్టా ఉన్నవారికి వేరొక ద్వారం తెరిచారు. మహిళల బాస్కెట్‌బాల్‌లో ఆ క్రీడల పతకం భారత్‌కు ఇంతవరకు దక్కనే లేదు గనుక ఈ ఆట ఆడినవారికి ఆ ద్వారం గోడమీద గీసిన బొమ్మతో సమానం.

దీనికన్నా లోతైన చిక్కు మరొకటి ఉన్నది. అనుబంధ కళాశాలలో శిక్షకురాలి శ్రమ అంతర కళాశాలల పోటీలతో ఆగిపోతుంది. ఆ పోటీల్లో రాణించిన బాలికలను విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపిక చేస్తారు, కొద్ది రోజుల శిబిరం పెడతారు, వేరొక శిక్షకునికి అప్పగించి దక్షిణ మండల పోటీలకు పంపుతారు. అక్కడ మొదటి నాలుగు స్థానాల్లో నిలిస్తే అఖిల భారత అంతర విశ్వవిద్యాలయాల పోటీలు. ఏడాది పొడుగునా తెల్లవారుజామున కోర్టులో నిలబడి పిల్లలకు బంతి పట్టడం నేర్పినవారు ఆ రోజు ప్రేక్షకుల వరుసలో ఉంటారు, సెలవు దొరికితే. 2017లో బెంగళూరు విశ్వవిద్యాలయం మూడుగా విడిపోయి కోలారు కేంద్రంగా బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు జట్లు పెరిగాయి, పద్ధతి మారలేదు. 2008లో డీమ్డ్ హోదా పొందిన జైన్, క్రైస్ట్ సంస్థలకు మాత్రం ఈ ఇబ్బంది లేదు. వాటి జట్టే విశ్వవిద్యాలయ జట్టు. 2022 ఏప్రిల్, మే నెలల్లో ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలకు ఆతిథ్యమిచ్చిన జైన్ విశ్వవిద్యాలయమే పతకాల పట్టికలో అగ్రస్థానంలో నిలవడానికి ధనబలంతోపాటు ఈ ఏర్పాటు కూడా కొంత కారణమని చెప్పవచ్చు.

శిక్షకురాలి జీవితం ఒక వృత్తిగా ఎలా రూపుదిద్దుకుంటుందో చూడాలంటే అమెరికా వైపు దృష్టి సారించాలి. ఈ ఆటను 1891లో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ కనిపెట్టగా, మరుసటి ఏడే స్మిత్ కళాశాలలో మహిళల చేత ఆడించిన సెండా బెరెన్సన్ ఒక వ్యాయామోపాధ్యాయురాలు. 1974లో టెనెసీ విశ్వవిద్యాలయ మహిళా జట్టు బాధ్యత స్వీకరించిన పాట్ సమిట్‌కు అప్పుడు 22 ఏళ్ళు. నెలకు 250 డాలర్ల వేతనం. జట్టు వ్యాను ఆమే నడిపేది, క్రీడాకారిణుల దుస్తులు ఆమే ఉతికేది. మన పీడీల అవస్థకు అది ఏమంత దూరం కాదు. ఒక్కటే తేడా, జట్టు ఆమె చేతిలోనే ఉండిపోయింది. 38 సీజన్లు, 1098 విజయాలు, 8 జాతీయ టైటిళ్ళు. టెనెసీలో చివరిదాకా ఆడిన క్రీడాకారిణులందరూ పట్టభద్రులై బయటకు వచ్చారన్నది ఆ విజయాలకన్నా మిన్నగా చెప్పుకోదగినది. 2011లో మతిమరుపు వ్యాధి బయటపడినా మరొక సీజన్ నడిపి 2012లో తప్పుకొన్నారు; 2016లో కన్నుమూశారు. నేడు దక్షిణ కరోలినా విశ్వవిద్యాలయ శిక్షకురాలు డాన్ స్టేలీ మూడు జాతీయ టైటిళ్ళు సాధించి, 2025 నాటి ఒప్పందం మేరకు ఏడాదికి సుమారు 40 లక్షల డాలర్లు పొందుతున్నారు.

ఈ మార్పు వెనుక చట్టం ఉన్నది. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధిస్తూ 1972లో వచ్చిన 'టైటిల్ నైన్' మహిళా జట్లకు నిధులు తెచ్చిపెట్టింది. అయితే ఆ కథలో మనవారు గుర్తుంచుకోవలసిన వెలితి కూడా లేకపోలేదు. 1972 నాటికి అమెరికా కళాశాలల మహిళా జట్ల శిక్షకుల్లో నూటికి తొంభై మందికి పైగా మహిళలే. డబ్బు, పేరు రావడంతో పురుషులు ఆ పదవులకు పోటీపడ్డారు. తర్వాతి దశాబ్దాల్లో మహిళల వాటా సగం కన్నా తక్కువకు పడిపోయింది. కొలువును సృష్టించినంత మాత్రాన అది మహిళకే దక్కుతుందన్న హామీ లేదన్నమాట.

ఆ దేశంలో ఈ విద్య నేర్చుకొని వచ్చిన భారతీయురాలు లేకపోలేదు. భారత జట్టు మాజీ సారథి, వారణాసికి చెందిన దివ్యా సింగ్ డెలవేర్ విశ్వవిద్యాలయంలో క్రీడా నిర్వహణ చదువుతూ అక్కడి మహిళా జట్టుతో పనిచేశారు. తిరిగివచ్చి జాతీయ జట్లకు సహాయ శిక్షకురాలిగా వ్యవహరించారు. ఆ స్థాయి అనుభవం గల మహిళ బెంగళూరులో ఒక కళాశాల జట్టును పదేళ్ళపాటు పెంచుతానంటే, కూర్చోబెట్టడానికి ఏ కుర్చీ ఉన్నది?

ఇదిలా ఉండగా 2022 జూన్‌లో, ఒక సైక్లిస్టు తన శిక్షకునిపై చేసిన ఫిర్యాదు సంచలనం రేపిన తర్వాత, మహిళా క్రీడాకారులున్న ప్రతి బృందం వెంట ఒక మహిళా శిక్షకురాలు తప్పనిసరిగా ఉండాలని భారత క్రీడా ప్రాధికార సంస్థ జాతీయ సమాఖ్యలను ఆదేశించింది. ఆదేశం హర్షణీయం. కానీ ఆ శిక్షకురాళ్ళు ఎక్కడ తయారు కావాలి? కళాశాలల్లో కొలువే లేనప్పుడు, ప్రయాణానికి రెండు రోజుల ముందు ఎవరినో ఒకరిని వెతికి రైలెక్కించడం తప్ప సమాఖ్యలకు మార్గాంతరం ఉండదు. అలా వెళ్ళినవారికి బృందం వెంట నడిచే అధికారమే గానీ ఆటలో ఎవరిని దింపాలో నిర్ణయించే అధికారం ఉండదు. ఆదేశం అక్షరాలా అమలవుతుంది. అంతకు మించి జరగదు.

ఖర్చు మోయలేమని కళాశాలల యాజమాన్యాలు అనవచ్చు. కోట్లు వెచ్చించి కోర్టులు నిర్మించనక్కరలేదు, ఉన్నవి చాలు. పీడీ పదవికి తోడు ఒక ఆటకు ఒక శిక్షకురాలిని కనీసం మూడేళ్ళ ఒప్పందంపై తీసుకోవడం, ఆమె జట్టు మండల పోటీలకు ఎంపికైతే ఆమెనే సహాయ శిక్షకురాలిగా పంపడం, ఈ రెండూ విశ్వవిద్యాలయ స్థాయిలోనే తీసుకోగల నిర్ణయాలు. కోలారులోని ఉత్తర విశ్వవిద్యాలయం ముందుగా చేపడితే సరిహద్దుకు ఇరువైపులా ఉన్న బాలికలకు అది మొదట ఉపకరిస్తుంది. ఈలోగా క్రీడా కోటాలో అమ్మాయిని చేర్పించడానికి బెంగళూరు బస్సెక్కే తల్లిదండ్రులు హాస్టలు ఫీజుతో పాటు మరొక మాట కూడా ఆరా తీయడం మంచిది: ఆ జట్టుకు గత మూడేళ్ళలో ఎంతమంది శిక్షకులు మారారు?